చూపు వచ్చింది కదా అని ఫైలు మూసేయవద్దు



ఈ పేజీలో మేము సాధారణంగా శుక్లాల గురించో, షుగరు వల్ల కళ్ళకు వచ్చే ముప్పు గురించో రాస్తుంటాం. ఈసారి మన సంఘాల్లో అంతగా వినబడని ఒక జబ్బు గురించి రాయాలనుకున్నాం. ముందుగా ఒక కథ చెబుతాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చినవారు ఓపీలో చెప్పుకునే మాటలన్నీ కలిపితే ఇలా ఉంటుంది.

ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఒక ఉదయం లేచేసరికి కుడి కంటిని అటూ ఇటూ తిప్పితే నొప్పిగా ఉంది. నిద్ర చాలలేదేమో అనుకుంది. మరునాటికి ఆ కంటి ముందు పల్చగా పొగ కమ్మినట్టయింది. మూడో రోజుకి ఆ కంటితో పుస్తకంలో అక్షరాలు కనబడలేదు. అమ్మమ్మ నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టింది. కళ్ళజోళ్ళ షాపులో నంబర్లు మార్చి మార్చి చూశారు, ఏ అద్దం పెట్టినా అంతే. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు నరాల బలహీనత అని బలానికి సూదులు వేశారు. నాలుగైదు వారాలకు చూపు తేటపడింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. పూలు పనిచేశాయని అమ్మమ్మ, సూదులు పనిచేశాయని నాన్న, ప్రార్థన ఫలించిందని అమ్మ అనుకున్నారు.

రెండేళ్ళ తరువాత ఆమె ఆసుపత్రికి వచ్చింది. కంటి కోసం కాదు, రెండు కాళ్ళూ మొద్దుబారి మెట్లు ఎక్కలేక వచ్చింది. ఎం.ఆర్.ఐ. తీయిస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. "ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా అమ్మా?" అని అడిగితే ఇంట్లో ఎవరూ కంటి సంగతి చెప్పలేదు. దాచారని కాదు. అది తగ్గిపోయింది కదా, దాన్ని జబ్బుల లెక్కలో వేసుకోలేదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఈ జబ్బులో చూపు పోయిన రోజు మనం కంగారుపడి ఏదో ఒక చోటికి పరుగెత్తుతాం. పొరపాటు చేసేది చూపు తిరిగివచ్చిన రోజునే. ఆ రోజుతో కథ ముగిసిందనుకుని కాగితాలు బీరువాలో పెట్టేస్తున్నాం. అది సరికాదని, ఆ రోజునే అసలు పని మొదలుపెట్టాలని చెప్పడానికే ఈ వ్యాసం.

వాపు కంట్లో కాదు, కంటి వెనుక

మనం చూసే దృశ్యాన్ని కంటి నుంచి మెదడుకు చేరవేసేది కంటి నరం. అందులో పది లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు ఈ పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర ఉంటుంది. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడవలసిన కణాలు కొందరిలో దారి తప్పి ఈ పొర మీదనే దాడి చేస్తాయి. అప్పుడు అక్కడ వాపు వస్తుంది. డాక్టర్లు దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కంటి నరానికి వచ్చే ఈ వాపు పేరు ఆప్టిక్ న్యూరైటిస్. ఇదే రకం దాడి మెదడులోనూ వెన్నుపాములోనూ పలుచోట్ల, పలుమార్లు జరిగితే ఆ జబ్బును మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు. క్లుప్తంగా ఎం.ఎస్.

ఎం.ఎస్. ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు కంటి నరం వాపు వస్తుంది. సుమారు అయిదుగురిలో ఒకరికి జబ్బు మొదట బయటపడేదే ఈ విధంగా.

"వాపు అంటే కన్ను ఉబ్బాలి, ఎర్రబడాలి కదండీ" అని చాలామంది అడుగుతారు. ఇక్కడ అలా ఉండదు. కన్ను తెల్లగా, చక్కగా కనిపిస్తుంది. ఊసి కట్టదు, నీరు కారదు. మూడింట రెండు వంతుల మందిలో డాక్టరు కంటి లోపల లైటు వేసి చూసినా మొదట్లో మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే వాపు కనుగుడ్డుకు వెనుక, లైటు చేరని చోట ఉంటుంది. ఈ జబ్బులో రోగికీ ఏమీ కనబడదు, డాక్టరుకీ ఏమీ కనబడదు అని కంటి డాక్టర్లలో ఒక పాత మాట ఉంది. అయినా టార్చిలైటును ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వేస్తూ కంటిపాప ఎలా ముడుచుకుంటుందో చూస్తే ఏ నరం దెబ్బతిన్నదో చాలావరకు తెలిసిపోతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, చీకటి గది, ఓపిక చాలు.

ఇంట్లో మీరు గమనించగల గుర్తులు ఇవి. సాధారణంగా ఒకే కన్ను. వయసు ఇరవైకీ నలభై అయిదుకీ మధ్య, ఎక్కువగా స్త్రీలు. కన్ను కదిలిస్తే నొప్పి. కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో చూపు మసకబారడం, ముఖ్యంగా చూపు మధ్యలో మరక పడినట్టు ఉండడం. రంగులు వెలిసిపోయినట్టు కనబడడం. ఒక ఎర్రని వస్తువును, టమాటానో ఎర్ర అట్ట ఉన్న పుస్తకాన్నో ఎదురుగా పెట్టి ఒక్కొక్క కన్ను మూసి చూడండి. ఒక కంటికి ఎర్రగా, రెండో కంటికి వెలిసిన ఇటుక రంగులో కనబడితే కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళవద్దు, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఆ రోజే వెళ్ళండి.

రెండు వందల ఏళ్ళ నాటి డైరీ

తగ్గినట్టే తగ్గి మోసం చేసే ఈ గుణం కొత్తది కాదు. ఇంగ్లండు రాజు మూడవ జార్జికి ఆగస్టస్ డెస్టే అనే మనవడు ఉండేవాడు. 1822 డిసెంబరులో తండ్రిలా ప్రేమించిన ఒకరిని చూడడానికి ఆయన స్కాట్లాండ్ వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆ మనిషి చనిపోయి ఉన్నాడు. సమాధి కార్యక్రమం అయిన కొద్దికాలానికే ఆయనకు చూపు మసకబారి ఉత్తరాలు చదవలేకపోయాడు. ఏ మందూ వాడకుండానే చూపు బాగుపడిందని తన డైరీలో రాసుకున్నాడు. దుఃఖం వల్ల వచ్చి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. 1826లో మళ్ళీ అలాగే చూపు మసకబారింది, మళ్ళీ బాగుపడింది. 1827లో ఒకటి రెండుగా కనబడడం, కాళ్ళ నిస్సత్తువ మొదలయ్యాయి. ఆ తరువాత నడక తగ్గుతూ వచ్చింది. 1848లో చనిపోయాడు. ఆయనకు వచ్చింది ఎం.ఎస్. అని చాలా కాలం తరువాత, ఆ డైరీ ద్వారా వైద్యలోకం గుర్తించింది.

పాపం, ఆయన కాలంలో ఆ జబ్బుకు పేరే లేదు. పారిస్‌లో షార్కో అనే డాక్టరు దాన్ని స్పష్టంగా వర్ణించింది 1868లో. రాజకుటుంబంలో పుట్టినా ఆయనకు దొరకనిది ఈరోజు మన జిల్లా కేంద్రంలో దొరుకుతుంది. స్కానింగు ఉంది, జబ్బుకు పేరు ఉంది, మందు ఉంది. ఇవన్నీ ఉండి కూడా చూపు వచ్చిందన్న సంతోషంలో మనం ఆయన లాగే అయిదేళ్ళు ఊరికే గడిపేస్తే ఆ తప్పు కాలానిది కాదు, మనదే.

చూపు తిరిగి వస్తుంది, అన్నీ తిరిగి రావు

అమెరికాలో 1988 నుంచి 1991 వరకు 15 ఆసుపత్రులలో కంటి నరం వాపు వచ్చిన 457 మందిని చేర్చుకుని ఒక పెద్ద పరిశోధన చేశారు. వారిని ఏళ్ళ తరబడి గమనించారు. అందులో తేలిన సంగతులు ఇప్పటికీ మాకు దారి చూపుతున్నాయి. వారిలో 77 శాతం మంది స్త్రీలు. 92 శాతం మందికి కంటి నొప్పి ఉంది. ఏడాది తిరిగేసరికి పదిమందిలో తొమ్మిది మందికి పైగా చూపు చాలావరకు తిరిగి వచ్చింది. ఇది నిజంగా మంచి వార్త. చూపు పోయి భయపడుతున్న ఆడబిడ్డకు మేము మొదట చెప్పే మాట కూడా ఇదే.

రెండో సంగతి కూడా వినాలి. 15 సంవత్సరాలు గడిచేసరికి వారిలో సగం మందికి ఎం.ఎస్. అని తేలింది. మొదట్లో తీసిన మెదడు ఎం.ఆర్.ఐ.లో మచ్చ ఒక్కటీ లేనివారిలో 25 శాతం మందికి వస్తే, ఒకటో అంతకన్నా ఎక్కువో మచ్చలు ఉన్నవారిలో 72 శాతం మందికి వచ్చింది. అవి అమెరికా లెక్కలు, మన దగ్గర ఉన్నదున్నట్టు అన్వయించలేం. ఇక్కడ కంటి నరం వాపుకు వేరే కారణాలూ తరచు కనిపిస్తాయి. కాని దాని భావం మనకూ వర్తిస్తుంది. చూపు పోయినప్పుడు కన్ను ఒక్కటే చూసి ఊరుకోకూడదు, మెదడు స్కానింగు కూడా తీయించాలి. ఎవరికి ముప్పు ఎక్కువో, ఎవరు కొంత నిబ్బరంగా ఉండవచ్చో చెప్పేది అదే.

మరొకటి. వాపు తగ్గుతుంది గాని, వాపు జరిగిన చోట చనిపోయిన పోగులు మళ్ళీ పుట్టవు. గోడ మీది అక్షరాల బోర్డులో చివరి వరుస చదివేసిన మనిషి కూడా "ఏదో తేడాగా ఉంది డాక్టరమ్మా" అంటుంది. సాయంత్రం మసక వెలుతురులో మెట్లు తెలియవు. బూడిదరంగు రోడ్డు మీద బూడిదరంగు ఆటో కనబడదు. ఎదురుగా వచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా అందదు. ఇవి ఆమె అనుమానాలు కావు. ఓ.సి.టి. అనే పరీక్షతో కంటి వెనుక నరాల పొర మందాన్ని కొలిస్తే చాలాసార్లు అది పలచబడినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవారు "చూపు వచ్చింది కదా, ఇంకా ఏమిటి?" అని విసుక్కోకండి. ఆమె చెప్పేది నిజం.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. 1890లో ఊథోఫ్ అనే జర్మన్ డాక్టరు ఒక విషయం గమనించారు. నరం ఒకసారి దెబ్బతిన్నవారికి ఒళ్ళు వేడెక్కినప్పుడు, బాగా శ్రమపడినప్పుడు చూపు కాసేపు మసకబారుతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. మనకు రోహిణీ కార్తె ఎండలో బస్టాండులో నిలబడినా, మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చున్నా, జ్వరం వచ్చినా ఇదే జరుగుతుంది. ఇది కొత్త దాడి కాదు, కంగారు పడవద్దు. నీడకు వెళ్ళి, తడిబట్టతో తుడుచుకుని, చల్లని నీళ్ళు తాగితే సర్దుకుంటుంది. కాని మసక 24 గంటలు దాటినా పోకపోతే మాత్రం ఆసుపత్రికి రావాలి.

మందుల దగ్గర జరిగే రెండు పొరపాట్లు

మొదటి పొరపాటు స్టెరాయిడ్లతో. ఆ అమెరికా పరిశోధన ఫలితాలు 1992లో వచ్చాయి. పెద్ద మోతాదు స్టెరాయిడ్‌ను మూడు రోజులు సెలైన్ ద్వారా ఎక్కించినవారికి చూపు త్వరగా వచ్చింది. కాని ఆరు నెలలు, ఏడాది గడిచాక చూస్తే, ఏ మందూ తీసుకోనివారికీ వారికీ చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరూ ఆశ్చర్యపోయిన సంగతి ఇంకొకటి. కేవలం మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నవారికి వాపు తిరగబెట్టడం ఎక్కువైంది. అందువల్ల మందుల షాపులో అడిగి ఆ చిన్న మాత్రలు కొనుక్కుని మింగవద్దని చేతులు జోడించి చెబుతున్నాం. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి, ఎలా ఆపాలి అన్నది డాక్టరు నిర్ణయించాలి. ఇచ్చే ముందు షుగరు, బీపీ, టీబీ వంటివి చూసుకోవాలి.

రెండో పొరపాటు, స్టెరాయిడ్ కోర్సు అయిపోయింది కాబట్టి వైద్యం అయిపోయిందనుకోవడం. స్టెరాయిడ్ ఆ పూట మంటను ఆర్పుతుంది. మళ్ళీ మంట అంటుకోకుండా చూసే మందులు వేరే ఉన్నాయి. 1993కు ముందు అటువంటి మందు ప్రపంచంలోనే లేదు. ఆ ఏడాది అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ సూదికి అనుమతి వచ్చింది. ఆ తరువాత సూదులు, మాత్రలు, ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందులు ఎన్నో వచ్చాయి. పోయిన పోగులను ఇవి తిరిగి తేలేవు. కొత్త దాడులను తగ్గిస్తాయి. అందుకే వాటి విలువ మనిషి బాగా ఉన్నప్పుడే. కాళ్ళు పడిపోయాక వేసుకుందాంలే అనుకుంటే అప్పటికి కాపాడుకోవలసింది చాలా పోయి ఉంటుంది.

ఖర్చు మాట మేము మరచిపోలేదు. నిలకడగా మందు కొనడం కూలి చేసుకునే ఇంటికి ఎంత భారమో మాకు తెలుసు. అయితే పరిస్థితి పూర్వంలా లేదు. రక్త క్యాన్సరుకు వాడే రిటక్సిమాబ్ అనే మందును 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ మన దేశంలోనే తయారుచేసి తెచ్చింది. అదే మందును నరాల డాక్టర్లు ఎం.ఎస్.కు కూడా వాడుతున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో మొదటిసారిగా ఎం.ఎస్. కోసం మూడు మందులను చేర్చింది. అవి క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటక్సిమాబ్. ఎవరికి ఏది నప్పుతుందో డాక్టరు చెప్పాలి. ఖరీదు చూసి భయపడి మాయమైపోకండి. "ఇంతే పెట్టగలమండీ" అని నోరు తెరిచి చెప్పండి. అప్పుడు ఏదో ఒక దారి వెతకవచ్చు. చెప్పకుండా మానేస్తే వెతకడానికి దారే ఉండదు.

ప్రతి కంటి నరం వాపూ ఎం.ఎస్. కాదు

ఇది చదివి ప్రతి మసక చూపుకూ ఎం.ఎస్. అని పేరు పెట్టుకోవద్దు. ఎన్.ఎం.ఓ. అనే జబ్బు ఒకటి ఉంది. అది కూడా కంటి నరాలను, వెన్నుపామును పట్టుకుంటుంది. దాన్ని గుర్తించే యాంటీబాడీని 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు కనుగొన్నారు. అందులో చూపు తీవ్రంగా పోతుంది, రెండు కళ్ళకూ రావచ్చు, దానంతటది తిరిగి రావడం తక్కువ. అక్కడ స్టెరాయిడ్ ఆలస్యం చేయకూడదు, ఒక్కోసారి రక్తంలోని ప్లాస్మాను మార్చవలసి వస్తుంది. పైగా ఎం.ఎస్.కు ఇచ్చే కొన్ని మందులు ఎన్.ఎం.ఓ. వారికి హాని చేస్తాయి. ఎం.ఓ.జి. యాంటీబాడీ జబ్బు అని మరొకటి ఉంది. రక్తపరీక్షతో వీటిని వేరు చేయవచ్చు. కాబట్టి డాక్టరు ఇంకో పరీక్ష రాస్తే డబ్బు కోసం రాశారని అనుకోకండి, ఎందుకని అడగండి.

ఇవి కాక టీబీకి వాడే ఇథాంబుటాల్ మాత్ర కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. బి12 లోపం, కల్తీ సారాలోని మిథనాల్ కూడా చూపు తీస్తాయి. టీబీ మందులు వాడుతున్నవారు చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా తక్షణం మందు ఇచ్చిన చోట చెప్పండి.

ఇంట్లో, సంఘంలో మాట్లాడవలసిన మాటలు

ఒక ప్రశ్న మమ్మల్ని మేమే వేసుకున్నాం. చూపు వచ్చి సంతోషంగా ఉన్న మనిషిని పట్టుకుని, ఇది రేపు పెద్ద జబ్బు కావచ్చు అని చెప్పి భయపెట్టడం న్యాయమా? పైన చెప్పిన లెక్క ప్రకారమే సగం మందికి ఎం.ఎస్. రాదు కదా? పెళ్ళి కావలసిన పిల్ల, ఆ పేరు బయటికి వస్తే ఆమె బ్రతుకు ఏమవుతుంది? ఇవి తేలికైన ప్రశ్నలు కావు. ఈ కారణంగానే మావంటి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళం కూడా కొన్నిసార్లు "నరాల బలహీనత" అన్న మెత్తని మాటతో సరిపెడుతున్నాం. ఇంట్లోవారికి చెప్పి, జబ్బు పడిన మనిషికి చెప్పకుండా ఊరుకుంటున్నాం.

అది దయ కాదని మాకు ఇప్పుడు అనిపిస్తోంది. పేరు తెలియని మనిషి రెండోసారి దాడి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. చెయ్యి తిమ్మిరి పడితే పడుకున్న తీరు బాగాలేదనుకుంటుంది, మూత్రం ఆగకపోతే సిగ్గుపడి దాచుకుంటుంది. పేరు తెలిసిన మనిషి వెంటనే వస్తుంది. చెప్పే పద్ధతి ఉంటుంది. "ఇది ఎం.ఎస్. అయ్యే అవకాశం ఉంది, కాకపోవచ్చు కూడా. ఈ స్కానింగులో ఇలా ఉంది. మళ్ళీ ఫలానా నెలలో చూద్దాం" అని కూర్చోబెట్టి చెబితే మనుషులు తట్టుకుంటారు. 2024లో నిపుణులు సవరించి, మరుసటి ఏడాది ప్రచురించిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలలో కంటి నరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అంటే కంటి దశలోనే జబ్బును తేల్చుకునే వీలు పెరిగింది. ఆ వీలును మన మొహమాటంతో పోగొట్టుకోవద్దు.

పెళ్ళి గురించి. ఎం.ఎస్. అంటురోగం కాదు. ఎవరి దిష్టి వల్లా, ఎవరి తప్పు వల్లా రాదు. ఎం.ఎస్. ఉన్న స్త్రీలు పెళ్ళి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. గర్భం మోసే కాలంలో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో దాడులు తగ్గుతాయి, కాన్పు అయిన తరువాత కొద్ది నెలలు పెరుగుతాయి. కొన్ని మందులు గర్భానికి ముందే ఆపాలి. అందుకే దాచి పెళ్ళి చేయడం మహా ప్రమాదం. అత్తవారింట్లో దాచడానికి ఆ పిల్ల మందు మానేస్తుంది. మానేసిన మందు ఎవరినీ అడగకుండా తన పని తాను చేస్తుంది. చెప్పి చేసే పెళ్ళి ఒకటి రెండు చోట్ల తప్పిపోవచ్చు. కుదిరినచోట మాత్రం ఆమె మందు అందరి ముందు వేసుకోగలదు.

సంఘంలో సాక్ష్యాల గురించి కూడా ఒక మాట, నొచ్చుకోకుండా వినండి. చూపు వచ్చినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పడం మంచిదే, మేమూ మీతో కలిసి చెబుతాం. కాని దానితోపాటు "మందులన్నీ మానేశాను" అనే మాట చేరితే, వింటున్నవారిలో ఇంకొకరు మానేస్తారు. పాస్టరుగార్లు, స్త్రీల సమాజం పెద్దలు ఒక్క ప్రశ్న వేయండి చాలు. "మళ్ళీ డాక్టరుకు ఎప్పుడు చూపించుకోవాలమ్మా?" ఆ ఒక్క ప్రశ్న మా పది సలహాల పెట్టు.

ఇక చేయవలసినవి. కంటి నరం వాపు ఒకసారి వచ్చినవారు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏ కన్ను మసకబారింది, ఎన్ని రోజులకు తేరుకుంది, ఏ మందు ఇచ్చారు అన్నవి రాయండి. స్కానింగు ఫిల్ములు, రిపోర్టులు పారేయకండి, ఎలుకలు కొట్టని చోట దాచండి. ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, పంటి నొప్పికి వెళ్ళినా సరే, కంటి సంగతి చెప్పండి. పొగతాగే అలవాటుంటే మానండి, అది ఎం.ఎస్.ను ముదిరేలా చేస్తుంది. చెయ్యో కాలో మొద్దుబారడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడడం, మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టుండడం, వీటిలో ఏదైనా ఒక రోజుకు మించి ఉంటే రండి.

ఇప్పటికే ఎం.ఎస్. వల్ల ఇబ్బంది పడుతున్నవారికి ఒక విషయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువని ధృవీకరిస్తే కొన్ని సదుపాయాలకు అర్హత వస్తుంది. మనిషి పైకి బాగానే ఉన్నాడు కదా అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గవద్దు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో శాఖ ఉంది. ఇదే జబ్బుతో బ్రతుకుతున్న మరో మనిషితో మాట్లాడితే కలిగే ధైర్యం మా చీటీలో రాయగలిగేది కాదు.

ఆ టీచరమ్మ లాంటివారు మళ్ళీ వస్తారని మాకు తెలుసు. ఈసారి కాళ్ళతో కాకుండా, కంటితోనే రావాలని మా కోరిక. కన్ను మసకబారిన వారం రావాలి. చూపు తేటపడిన తరువాత కూడా ఆ ఫైలు చంకన పెట్టుకుని, చెప్పిన తేదీకి మళ్ళీ రావాలి. ఈ సంచిక చదివిన తరువాత పారేయకుండా, ఇరవై ముప్పై ఏళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు, కొడుకులు ఉన్న పక్కింటివారికి ఇవ్వండి.